ఇంజను ఆగిన తరువాతనే

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డి మీదుగా పడమరకు సాగు బాట నిజాంసాగరము చేరును. మంజీరానదికి అడ్డముగా 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన ఆనకట్ట యది. హైదరాబాదు సంస్థానమున పేరుగన్న ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు దాని నిర్మాణమును నడిపెను. ఎల్లారెడ్డికి మరియొక దిక్కున, నాగిరెడ్డిపేట చేరువను, పోచారము జలాశయము కలదు; అది నిజాంసాగరముకంటె ముందటిది. ఈ రెండు నీటిపట్టుల చెంత పుట్టి పెరిగినవారికి నీరనిన బెరుకు తక్కువ. బెస్తవారి పిల్లవాడు బడికి పోవుటకు ముందే పుట్టి యెక్కును.

పుట్టి యనునది వెదురుబద్దలతో గుండ్రముగా అల్లి, నీరు చొరకుండ అడుగున పట్టా బిగించిన చిన్న పడవ. దానికి ముందు వెనుకలు లేవు. తెడ్డు వేసిన వైపునకు పోవును. తెడ్డు ఆగినచో తానును ఆగును. వల చిక్కు విప్పుటకై నీటిలోనికి దుమికినవాడు తిరిగి వచ్చి పుట్టియంచు పట్టుకొన్నపుడు పైనున్నవానికి కలుగు చింత యొక్కటే: పుట్టి ఒరిగిపోరాదు. తెడ్డు తగిలి తల బొప్పి కట్టవచ్చును గాని అంతకు మించిన హాని లేదు. ఈ ప్రాంతపు పడవవాండ్రు తరతరములుగా నేర్చిన జాగ్రత్త యంతయు ఈ పుట్టి నేర్పినదే.

ఇంజను పడవకు ఆ జాగ్రత్త చాలదు. విహారమునకు వచ్చువారికొరకు ఇట్టి పడవలు జలాశయములలో తిరుగుచున్నవి. వరదలు వచ్చినపుడు అవి ఊళ్ళలోనికే వచ్చును. 2025వ సంవత్సరము ఆగస్టు నెల చివర కామారెడ్డి జిల్లాలో కనివిని యెరుగని వాన కురిసి, వాగులు పొంగి, బాటలు తెగి, జనులు నీటి నడుమ చిక్కుపడినపుడు విపత్తు రక్షణ దళములవారు పడవలపై పోయి వారిని ఒడ్డునకు చేర్చిరి. ఎవడైన నీట మునిగి కానరాకపోయినపుడు వెదకుటకు గజ ఈతగాండ్రు వత్తురు. వారిని దించుటకును, తిరిగి ఎక్కించుకొనుటకును పడవయే ఆధారము. నీటిలో మనిషి, నీటిపైన ఇంజను, ఈ రెండును ఒకచోటికి వచ్చు ఆ రెండు మూడు నిమిషములే ప్రమాద సమయము. పడవ నడిపెడు వానిని గోదావరి సీమలో సరంగు అందురు. ఆ రెండు మూడు నిమిషములును సరంగు చేతిలోని ప్రాణము తనది కాదు, నీటిలోనివానిది.

నీటి లోపల గాలి పీల్చుచు ఈదు విద్యను స్కూబా యందురు. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ ఈవ్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అను నిరువురు దానికి తగిన పరికరమును సిద్ధపరచిరి. మునుగీతగాడు వీపున కట్టుకొను సీసాలో ప్రాణవాయువు మాత్రమే యుండునని పలువురు తలతురు. సాధారణముగా అందుండునది అందరు పీల్చుకొను గాలియే. కాకపోయిన గట్టిగా అదిమి నింపినది. లోతున ఆ గాలిని పీల్చినకొలది అందలి నత్రజని నెత్తురులో కరగును. అతడు వేగముగా పైకి వచ్చెనా, గోలీసోడా మూత తెరచినపుడు బుడగలు పొంగినట్లు ఆ వాయువు శరీరములో బుడగలు కట్టి బాధించును. అందుచేత నిమిషమునకు 9 మీటర్లకు మించకుండ పైకి తేలవలెననియు, ఉపరితలమునకు 5 మీటర్ల దిగువను 3 నిమిషములు నిలువవలెననియు శిక్షకులు నేర్పుదురు. ఈ నియమమును సరంగు సయితము తెలిసికొనుట మంచిది. ఏలయన, పైన పడవ వచ్చుచున్నదని తెలిసినను మునుగీతగాడు చేపవలె తటాలున తప్పించుకొని పోలేడు. అతడు మెల్లగానే రావలెను.

పడవ వచ్చుచున్నదని అతనికి తెలియునా? తెలియును గాని సగమే తెలియును. శబ్దము గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును; నీటిలో సుమారు 1,500 మీటర్లు పోవును. ఒడ్డున నున్న మనిషి ఏ వైపునుండి బండి వచ్చుచున్నదో కన్నెత్తి చూడకయే చెప్పగలడు. ఆ వైపు చెవికి శబ్దము రవంత ముందుగా చేరుటయే అందుకు ముఖ్య కారణము. నీటిలో శబ్దము నాలుగు రెట్లు మించిన వేగముతో వచ్చుటచేత రెండు చెవులకును ఇంచుమించుగా ఒక్కసారియే తాకును. ఇంజను రొద తల నిండ మ్రోగును. అది కుడినుండియో యెడమనుండియో, దగ్గరనుండియో దూరమునుండియో తెలియదు. కాబట్టి మునుగీతగాడు పైకి వచ్చునపుడు ఒక చేయి తలకు మీదుగా చాచి, తన చుట్టు తాను తిరుగుచు, మొగము పైకెత్తి చూచుచు రావలెనని నేర్పుదురు.

ఇక సరంగు కన్ను. పడవ వేగమున పోవునపుడు దాని ముందుభాగము పైకి లేచును. ఎదుటనున్న నీరు కొంతమేర కనబడదు. ప్రొద్దు వాలిన వేళ నీరంతయు తళతళలాడుచు కన్ను చెదరగొట్టును. అలల నడుమ తేలు మనిషితల ఒక కొబ్బరికాయయంత. నీటికి అడుగెడు దిగువనున్న మనిషి అసలే కానరాడు. నిజాంసాగరమునకు వానకాలమున వచ్చు ఎర్రనీటిలో తన చేయి తనకే కనబడదు. లోనున్నవాడు వినుచున్నాడు గాని దిక్కు తెలియదు. పైనున్నవాడు చూచుచున్నాడు గాని మనిషి కనబడడు. ఇట్టి ఇరువురు కలిసికొనవలసిన చోట నేర్పరితనమును నమ్ముకొనుట తెలివి కాదు. ముందుగా ఒప్పుకొన్న వరుసను నమ్ముకొనవలెను.

ఇంజను పడవను నెట్టునది దాని వెనుక నీటిలో తిరుగు ఆకుల చక్రము. దానిని ప్రొపెల్లరు అందురు. అది చేయు హానిని లెక్కలు తెలిసిన బాలుడెవ్వడైన కట్టి చూడవచ్చును. మూడు ఆకుల ప్రొపెల్లరు నిమిషమునకు 3,200 మార్లు తిరుగుచున్నదనుకొనుడు. నిమిషమునకు 9,600 వేటులు. అనగా సెకనుకు 160. మెల్లగా నడుపుచున్నాను గదా యని సరంగు అనవచ్చును. ఆ లెక్కయు చూడుడు. ఇంజను నిమిషమునకు 700 మార్లు తిరుగుచు, పండ్లచక్రములు ఆ వేగమును సగమునకు తగ్గించినచో ప్రొపెల్లరు 350 మార్లు తిరుగును. నిమిషమునకు 1,050 వేటులు. సెకనుకు 17కు పైమాట. రెప్ప వాల్చి యెత్తునంతలో నాలుగైదు వేటులు పడును. పడవ నడక మెల్లనిదైనను ఆకు కోత మెల్లనిది కాదు. ఆకుల చుట్టు ఇనుపవలయమును బిగించు వారును కలరు. అది కొంత మేలే గాని, సందులలో చేయియో కాలో దూరకుండ పూర్తిగా ఆపజాలదు.

కాబట్టి ఎక్కించుకొను వరుస ఇట్లుండవలెను. మునుగీతగాడు పైకి తేలకమునుపే త్రాటికి కట్టిన పొడవైన ఎర్రని గాలితిత్తిని నీటిపైకి వదలును. అది నిలువున లేచి దూరమునకు కనబడును. సరంగు దానిని గుర్తుపట్టి దూరముననే వేగము తగ్గించును. ఒకడు పడవ నడుపుచుండగా మరియొకడు వేరుపని లేక నీటిని మాత్రమే చూచుచుండవలెను. ఇరువుర పని ఒక్కడు చేయుచున్న పడవలలో రెండు పనులును చెడును. గాలికి ఎదురుగా పడవ మొగము త్రిప్పి వచ్చినచో గాలియే పడవను నిలుపుటకు తోడ్పడును. మనిషికి రెండు మూడు పడవల దూరమున నిలిపి, బెండు కట్టిన త్రాడు విసరవలెను. గేరు విడిపించి, పిమ్మట ఇంజను ఆపి, ఆకులు తిరుగుట మానినవని చూచుకొని, "ఇంజను ఆగినది, రండి" యని గట్టిగా కేక వేయవలెను. ఆ కేక వినువరకు మునుగీతగాడు పడవ దాపునకు రారాదు. త్రాడు పట్టుకొని అక్కడనే తేలుచుండవలెను.

గేరు విడిపించిన చాలదా, ఇంజను ఆపనేల యని అడుగువారు పలువురు కలరు. వారిది వట్టి మొండితనము కాదు. ఆపిన ఇంజను తిరిగి పలుకకపోయిన యెడల పడవ ప్రవాహమునకు కొట్టుకొనిపోయి రాళ్ళకో తూములకో తగులవచ్చును. ఉరవడి గల సముద్రమున కొందరనుభవజ్ఞులైన సరంగులు గేరు విడిపించి ఇంజనును నడచుచుండనిత్తురు. పెద్ద పడవలో, నిచ్చెన ప్రొపెల్లరునకు దూరముగ నున్నచోట, వారి వాదమునకు బలము కలదు. చిన్న పడవ సంగతి అట్లు కాదు. దాని నిచ్చెన తరచుగా వెనుకనే, ఇంజను ప్రక్కనే యుండును. గేరు విడిపించినను కొన్ని ఇంజనులలో ఆకులు కొంచెముగ తిరుగుచునే యుండును. తడిసిన బరువుతో పైకి వచ్చువాడు తూలి గేరుకఱ్ఱ మీద పడవచ్చును. పెట్రోలు ఇంజను పొగలోని విషవాయువు సరిగా అతడు ఊపిరి తీయుచోటనే క్రమ్మును. ఇన్ని యుండగా, మరల పలుకదను భయముతో ఇంజనును ఆపకుండుట రోగమునకు వేయవలసిన మందు పథ్యమునకు వేసినట్లగును. పలుకని ఇంజనును ఒడ్డుననే బాగుచేయించుకొనవలెను. పడవలో తెడ్డును లంగరును ఉంచుకొనవలెను.

ఈ మాటనే నిజాంసాగరపు బెస్తవారు తమ యాసలో పొడుగు లేకుండ చెప్పుదురు. పడవ నేర్చుకొను పడుచువాడు, "కాకా, ఊకె బందు జేసి చాలు జేస్తె బ్యాటరీ దిగుతది" అని విసుగుకొనినచో, "దిగుతె దిగనీ బిడ్డా, బ్యాటరీ మల్ల ఎక్కించుకోవచ్చు" అని పెద్దవాడు బదులు చెప్పును.

వల ప్రొపెల్లరునకు చుట్టుకొన్నపుడును ఇదియే వరుస. చిక్కు తీయుటకు నీటిలోనికి దిగువాడు తాళపుచెవిని తీసి తన మొలకు కట్టుకొని దిగవలెను. పైనున్నవాడు తమ్ముడైనను సరే, తాళపుచెవి అతని చేతిలో నుంచరాదు. సరంగు మణికట్టునకు కట్టుకొను త్రాడొకటి కొన్ని ఇంజనులకుండును. అతడు తూలి నీటిలో పడినచో ఆ త్రాడు ఊడి ఇంజను తానే ఆగును. ఆ త్రాటిని ఇంజనుకే చుట్టి పెట్టి, మణికట్టును స్వేచ్ఛగా ఉంచుకొను సరంగులు కనబడుచున్నారు. వారికి ఆ త్రాడు ఉన్నను లేనట్లే.

మునుగీతగాండ్రు లోననున్నారని ఇతర పడవలకు తెలుపుటకు జెండాలు కలవు. సముద్రములపై నన్ని దేశముల నావికులు ఎరిగినది తెలుపు నీలము రంగులు గల చీలిక జెండా. లోపల మనిషి యున్నాడు, దూరముగా మెల్లగా పొండని దాని యర్థము. ఎర్రని గుడ్డపై మూలనుండి మూలకు తెల్లని పట్టె గల మరియొక జెండాయు పలు దేశములలో వాడుకలో నున్నది. చేతి సైగలయందు ఒక వింత కలదు. పడవమీదివారిని చూచి చేయి ఊపుట లోకమున పలకరింపు. మునుగీతగాండ్ర భాషలో అది ఆపదకు గుర్తు. క్షేమముగా నున్నవాడు చేయి ఊపడు. అరచేతిని తన తలమీద ఆనించి చూపును. దీని నెరుగని సరంగు, మునిగిపోవుచున్నవానికి తానును చేయి ఊపి నవ్వి పోవచ్చును.

జెండాలును హద్దులును ఉన్నను పాటింపనివాడు ఒక్కడు చాలును. కిర్స్టీ మెకాల్ అను ఆంగ్ల గాయని 2000వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన మెక్సికో దేశపు కొజుమెల్ ద్వీపము చెంత తన ఇరువురు కుమారులతో కలిసి నీట మునిగి పైకి వచ్చుచుండెను. అది మునుగీతగాండ్రకొరకు ప్రత్యేకించిన చోటు. ఇతర పడవలు రారాదు. అయినను వేగముగా పోవు పడవ యొకటి అందు చొరబడెను. కుమారుడు దాని దారిలో నుండుట చూచి ఆమె అతనిని ప్రక్కకు నెట్టెను. బాలుడు స్వల్ప గాయములతో బ్రదికెను. తల్లి అక్కడనే మరణించెను. ఆమెకు అప్పుడు 41 ఏండ్లు. నీటిలో ఆమె చేయదగినదంతయు చేసెను. పడవమీద చేయవలసినది జరుగలేదు.

ఆ పడవ నిర్లక్ష్యముచేత వచ్చినది. దయచేత తొందరపడి వచ్చు పడవయు నట్టి హానియే చేయగలదు. వరదలలో భయపడవలసినది దీనికే. కొట్టుకొనిపోవుచున్న మనిషి కేక వేయుచుండగా ఇంజను ఆపుమనుట సరంగు చెవికి క్రూరముగా తోచును. అతని కాలును చేయును అతనిని ముందునకే తరుమును. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరిలో కచ్చులూరు చెంత విహారపు పడవ మునిగినపుడు ఆ తీరపు గ్రామస్థులు తమ పడవలపై పరుగున పోయి 26 మందిని కాపాడిరి. పరుగు కావలసినదే. అయితే ఆ పరుగు మనిషిని చేరువరకు కాదు, మనిషికి త్రాడు అందు దూరము వరకు. కడపటి నాలుగు బారలును త్రాడే పోవలెను. త్రాడు అందుకొనజాలనంత అలసినవాడైనచో, ఇంజను ఆపి తెడ్డుతో చేరవలెను. లేదా నడుమునకు త్రాడు కట్టుకొని, తేలుచొక్కా తొడిగిన ఈతగాడు దిగవలెను.

పడవ పోవుచుండగా ప్రక్కనుండి యెవడైన జారిపడినపుడు చేయవలసినది మొదట వింతగా తోచును. పడినవాడు కుడివైపున నున్నచో చుక్కానిని కుడికే త్రిప్పవలెను. ముందుభాగము కుడికి తిరుగుచుండగా వెనుకభాగము ఎడమకు తొలగును. ప్రొపెల్లరు వానికి దూరమగును. వెంటనే గేరు విడిపింపవలెను. పడినవానికి దూరముగా పోవుదమని ఎడమకు త్రిప్పినవాడు, పడవ తోకను వాని మీదికే పంపినవాడగును. కాగితపు పడవను పళ్ళెములోని నీటిపై త్రిప్పి చూచినను ఇది తెలియును.

కచ్చులూరున ఆ పడవ నదిగర్భముననే ముప్పది దినములకు మించి యుండెను. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము తన బృందముతో వచ్చి 2019 అక్టోబరు 22వ తేదీన దానిని వెలికి తీసెను. అందుకు విశాఖపట్టణమునుండి మునుగీతగాండ్రు వచ్చి లోనికి దిగిరి. అట్టి బురదనీటిలో పనిచేయువాని జాడ పైవారికి తెలుపునవి గాలిబుడగలును, చేతిలోని త్రాడును మాత్రమే. ఇట్టి పనులలో ఇంజనుకంటె త్రాడుపట్టినవాడే ముఖ్యుడు. అతడు చెప్పువరకు సరంగు ఇంజను ముట్టరాదు.

మనుష్యులు ఎక్కుటయు ఒక క్రమమున జరుగవలెను. బరువులును గాలిసీసాయు ముందుగా పైకి అందించినచో నిచ్చెన ఎక్కుట తేలిక. నిచ్చెన గట్టిగా పట్టుకొనువరకు కాళ్ళ రెక్కలు విప్పరాదు. పట్టుతప్పి వెనుకకు పడినచో ఈదుటకు అవియే దిక్కు. ఒకడు ఎక్కుచుండగా మరియొకడు వాని క్రింద నిలువరాదు.

అందరు ఎక్కిరని తోచిన తరువాత మిగిలిన పని లెక్క. 1998 జనవరి 25వ తేదీన ఆస్ట్రేలియా దేశపు గొప్ప పగడపు దిబ్బల కడ టామ్ లోనర్గన్, ఐలీన్ లోనర్గన్ అను అమెరికా దంపతులు లోపల నుండగనే వారిని దించిన పడవ ఒడ్డునకు మరలిపోయెను. వారు రాలేదని తెలియుటకు రెండు దినములు పట్టెను. వారి దేహములు నేటికిని దొరకలేదు. తలలు లెక్కించినంత మాత్రమున లెక్క సరిపోదని అప్పటినుండి పడవవారు మరింత గట్టిగా తెలిసికొనిరి. దించునపుడు వ్రాసిన పేర్ల పట్టీని చేతబట్టి, ఒక్కొక్కని పేరు పిలిచి, వాని నోటినుండియే బదులు విని గుర్తు పెట్టవలెను. "వాడును ఎక్కెను లెండి" యని ప్రక్కవాడు చెప్పిన బదులు లెక్కకు రాదు. పట్టీ అంతయు ముగిసిన పిమ్మట సరంగు వెనుకకు వంగి ప్రొపెల్లరు దాపున నీటిని ఒకమారు చూచి, తాళపుచెవిని త్రిప్పును.